అలిగిన మడి

కామిదా, నోటో తీరం
ఏప్రిల్ నెల

ఒసే మివా,

నీకు రాసి నెల దాటింది. కోపం తెచ్చుకోకు. గట్లకు బురద పూసే రోజులు కదా, కొట్లో పారలూ రబ్బరు బూట్లూ అమ్మలేక ఊపిరాడడం లేదు. నీ ఉత్తరం అందింది. ఈసారి కూడా మెషీను మీద కొట్టిందే! రెండేళ్ళయింది నీ చేతిరాత చూసి. కలం పట్టుకుంటే పట్నపు వేళ్ళు అరిగిపోతాయేమో. సర్లే. ఫోను చేద్దామంటే రెండో మాటకే మనిద్దరికీ యుద్ధం. ఉత్తరమే నయం, నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు.

అసలు సంగతి విను. అన్నయ్య తుంటి ఇక బాగుపడదట. పై మళ్ళ దాకా ఎక్కొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. నిన్న మన తొకుజీ అన్నయ్యగారు నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, టీ ఊదుకుంటూ, వాన పడేట్టుంది అన్నంత తేలిగ్గా అన్నాడు: "ఈ డిసెంబర్లో పొలం దేవుణ్ణి ఇంటికి తీసుకొచ్చి భోజనం పెట్టడం నా వల్ల కాదు. ఎవరికి అప్పగించాలో కోతలయ్యాక చెప్తాను."

"ఎవరికేమిటి అన్నయ్యా? నేను లేనూ?" అన్నాను.

"నువ్వా!" అని ఒకటే నవ్వు. "నువ్వు నోరు తెరిస్తే రైలు పోతున్నట్టుంటుంది. ఆ దేవుడికి వరి ఆకులు గుచ్చుకుని చూపు పోయిందాయె. పళ్ళెంలో ఏది ఎక్కడుందో, ఎలా ఉందో నెమ్మదిగా చెప్పి తినిపించాలి. నీ చేతి భోజనం చేస్తే పాపం చెవుడు కూడా వస్తుంది."

బెంచీ మీదున్న ముసలాళ్ళంతా పళ్ళికిలించారు. టీకి డబ్బులు తీసుకోకుండా లోపలికి వచ్చేశాను, అంత కోపం.

నీకు గుర్తుందా? నాన్న ఎవరూ కూర్చోని పళ్ళేల ముందు వంగి "ఇది చేప అండీ, ఇది ముల్లంగి అండీ" అంటుంటే తలుపు సందులోంచి మనిద్దరం చూసేవాళ్ళం. నువ్వు మధ్యలోనే నిద్రపోయేదానివి. నేను చివరి దాకా చూసేదాన్ని. కొట్టు నడిపాను, మొగుణ్ణి సాగనంపాను, ఎవర్నీ ఏదీ అడగలేదు. ఈ ఒక్కటి నాకు కావాలే మివా. వేరెవరికైనా ఇచ్చాడా, ఏడ్చి చస్తాను.

నిన్న పై మడికి నీళ్ళు వదిలారు. అది నిండి, గట్టు మూల తెంపులోంచి కిందదానిలోకి, అందులోంచి ఇంకా కిందకి, మెట్లు దిగే పిల్లల్లా గునగునా దిగాయి. మన అలిగిన మడి మాత్రం ఎప్పటిలాగే అన్నిటికంటే ఆఖర్న నిండింది. నీకు ఎర్ర గొడుగు కొన్నారని నేను అందులో చతికిలబడి లేవనన్నాను చూడు, ఆ అలకే దానికీ పట్టింది. ఆ పేరు మన ముగ్గురికి తప్ప భూమ్మీద ఎవరికీ తెలీదు, కాబట్టి నా పరువు దక్కింది.

ఎవరో గొళ్ళెం కావాలంటున్నారు. ఉంటా.

నీ అక్క
సదాయో

కనజావా
ఏప్రిల్ చివర

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు పండగ. అది అయిపోయాక మాత్రం ఒళ్ళు మండుతుంది. నీకు కొట్టు ఉంది, సముద్రం ఉంది, తిట్టుకోడానికి పక్కనే అన్నయ్య ఉన్నాడు. నాకు డాబా మీద ఒక కుండీ ఉంది. అందులో ఉల్లికాడలు. నువ్వు నన్ను చూసి ఏడవడమేమిటి చెప్పు!

నీళ్ళు దిగాయన్నావు. బురదగా దిగాయా, తేటగా దిగాయా? కప్పలు మొదలెట్టాయా? అలిగిన మడి నిండాక అందులో ఏం కనపడింది, ఆకాశమా, ఎదుటి కొండా? నువ్వు సగం చెప్పి గొళ్ళెం అమ్మడానికి పోతే ఇక్కడ నా ప్రాణం కొట్టుకుంటుంది. ఇంకా రాయి. పెద్దగా రాయి.

దేవుణ్ణి తీసుకొచ్చే పని నీకే రావాలి. అన్నయ్య నిన్ను ఏడిపిస్తున్నాడంతే. నా చేతిరాత సంగతి వదిలెయ్.

మివాకో

కామిదా
మే చివర

ఒసే మివా,

తేటగా దిగాయి. కప్పలు మొదలెట్టి ఆపడం లేదు. అలిగిన మడిలో ఎదుటి కొండ తలకిందులుగా కనపడింది, దాని నెత్తిన ఒక మబ్బు టోపీలాగా. తృప్తేనా? ఇక నా ఏడుపు విను.

మనవాళ్ళు పట్నం వాళ్ళకి మళ్ళు ఏడాదికి అద్దెకిస్తున్నారని చెప్పాగా. డబ్బు కడతారు, నాట్లకొకసారి, కోతకొకసారి వచ్చి ఫోటోలు తీసుకుని పోతారు, మిగతా చాకిరీ మనది. నాకేం, బూట్లూ చేతి తొడుగులూ అన్నం ముద్దలూ బాగానే అమ్ముడుపోతాయి. ఈసారి ఆ మందలో ఒక పిల్ల వచ్చింది. చిజురు అట. పాతికేళ్ళు దాటి ఉంటాయి. కొట్లో ఎన్ని మంచి నల్ల బూట్లుంటే పసుపు పచ్చవే కావాలంది. వేసుకుని బాతు నడక నడుస్తూ తిన్నగా పోయి మన అన్నయ్య మడిలోనే దిగింది!

దిగనీ. నడుం వంచలేక రెండు వరసలు నాటి కూలబడుతుందిలే అనుకున్నాను. కూలబడలేదు మివా! నారు చేత్తో తడిమి చూస్తుంది, బురద వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది, ప్రతిదానికీ ప్రశ్నే. "ఇది పొద్దున ఏ రంగులో ఉంటుందండీ? సాయంత్రం ఏ రంగులోకి మారుతుందండీ?" మన అన్నయ్య, మనం పిలిస్తే మూడోసారికి పలికే మనిషి, గట్టు మీద స్టూలేసుకుని పూసగుచ్చినట్టు చెప్తున్నాడు. నారు ఎలా పట్టుకోవాలో వేళ్ళు పెట్టి చూపించాడు. చిన్నప్పుడు నాకు చూపించమంటే "చూసి నేర్చుకో" అన్నాడు, గుర్తుందా?

అది సరిపోలేదు. ఎండగా ఉందని అమ్మ గడ్డి టోపీ తెచ్చి దాని నెత్తిన పెట్టాడు. అమ్మ టోపీ! నేను ఒకసారి వేసుకుంటే "చిరుగుతుంది, తియ్యి" అన్నాడు. నా తలకాయ ముళ్ళకంపా?

ఇప్పుడు వారం వారం వస్తోంది. వచ్చినప్పుడల్లా నా కొట్లో ఏదో ఒకటి కొంటుంది, నవ్వుతూ మాట్లాడుతుంది. అందుకే సరిగ్గా తిట్టలేకపోతున్నాను, అదొక బాధ. కానీ దాని కన్ను దేని మీదుందో నాకు తెలీదనుకుందా? డిసెంబరు మీద.

సదాయో

కనజావా
జూన్, వానలు

అక్కా,

బాతు నడక దగ్గర ఇక్కడ నవ్వాగలేదు. ఆ పిల్ల అంత చెడ్డదేం కాదేమో. పసుపు బూట్లు ఆమెకి నప్పుతాయేమో కూడా.

టోపీ సంగతి విన్నాక మాత్రం నాకు అన్నం సయించలేదు. అమ్మ పోయినప్పుడు ఆ టోపీ నేనడిగితే అన్నయ్య "పొలంలోది పొలంలోనే ఉండాలి" అన్నాడు. దాని అంచు ఇంకా ఎడమవైపుకే ఒంగి ఉందా? అమ్మ గడ్డిపరక నములుతూ ఆ అంచునే పట్టుకు లాగేది. ఎవరి నెత్తినో ఉందట! నీకొక్కదానికే ఉందా ఏడుపు?

వరి ఎంత ఎత్తు లేచిందో రాయి.

మివాకో

కామిదా
ఆగస్టు

మివా,

నా నడుం దాకా. గాలి వస్తే కింద మడి నుంచి పై మడి దాకా ఎవరో పచ్చటి దుప్పటి దులిపినట్టుంది. కింద సముద్రం, పైన వరి, రెండూ ఒకేసారి కదులుతుంటే నాకే కళ్ళు తిరిగాయి. అడవిపందుల కంచె రెండుచోట్ల తెగింది. కట్టాం.

దీపాల ఊరేగింపు రోజున అన్నయ్య ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నా చోట్లో. నేను నిలబడే చూశాను, కాళ్ళు పీకుతున్నా కూర్చోలేదు. తెల్లారి దాన్ని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి విత్తనాల బస్తాలు చూపించాడట. దేవుడు చలికాలమంతా ఎక్కడ కూర్చుంటాడు? ఆ బస్తాల మీదే కదా! నాకిక అర్థమైపోయింది.

అయినా నేను ఊరుకోను. పెరట్లో ముల్లంగి వేస్తున్నా. గింజ కింద రాయి పెడితే వేరు రెండుగా చీలి, కాళ్ళు చాపిన మనిషిలా దిగుతుంది. దేవుడి పళ్ళెంలోకి రెండు కాళ్ళ ముల్లంగి ఉండి తీరాలిగా. ఎవరు చేసినా నా దగ్గరికే రావాలి. అప్పుడు చూద్దాం ఎంతకిస్తానో.

సదాయో

కామిదా
సెప్టెంబరు చివర

మివా,

నువ్వు జవాబివ్వలేదు. అయినా రాస్తున్నా, ఇదే ఆఖరి ఉత్తరం.

నిన్న కోతలు. అందరం అక్కడే ఉన్నాం. కోసిన కట్టలు దండేల మీద ఆరేస్తున్నాం. ఆ పిల్ల చేతిలో కొడవలితో ఆ చివరి వంకర మడి దగ్గర ఆగి, ఎంతో మురిపెంగా, "ఇదేనా అలిగిన మడి?" అంది.

నా చేతిలో కట్ట జారిపోయింది.

"ఆ పేరు నీకెవరు చెప్పారు?" అన్నాను.

దాని మొహం ఎర్రగా అయిపోయింది. "విన్నానండీ" అంది.

"ఎవరి నోట?"

గాభరాలో కొడవలి తగిలి దాని చేతికి గాటు పడింది. అన్నయ్య వైపు తిరిగాను. "పొలం చూపించావు, టోపీ పెట్టావు, బస్తాలు చూపించావు. చివరికి ఏడేళ్ళప్పటి నా అలక కూడా పంచిపెట్టావా? అది నా సొంతం అన్నయ్యా! ఇవ్వడానికి నువ్వెవరు?"

"నేను చెప్పలేదు" అన్నాడు.

"మరి మడే చెప్పిందా?"

అందరూ చూస్తుండగానే కొండ దిగి వచ్చేశాను. అది వెనకాలే వచ్చి కొట్టు తలుపు కొట్టింది. తియ్యలేదు. అన్నయ్యతో మాటలు లేవు. డిసెంబరూ వద్దు, దేవుడూ వద్దు. దానికే ఇచ్చుకోమను. నెమ్మదిగా మాట్లాడుతుందిగా, దేవుడికి చెవులు చల్లబడతాయి.

నీకూ రాయను. రాసి రాసి నాకొరిగిందేమిటి? నువ్వు మెషీను మీద నాలుగు ముక్కలు కొట్టి పడేస్తావు.

సదాయో

కనజావా
అక్టోబరు

అక్కా,

ఇది చదివాక నాకు ఫోను చెయ్యకు. కోపం దిగాక రాయి.

నాకు కనపడదు. రెండేళ్ళ పైనయింది. వెలుగు ఎటువైపుందో తెలుస్తుంది, అంతే. నీ అక్షరాలు చూడలేను, నా అక్షరాలు రాయలేను. మా పై వాటాలో అద్దెకుండే పిల్ల నీ ఉత్తరాలు చదివి వినిపిస్తుంది, నేను చెప్పింది మెషీను మీద కొట్టి పెడుతుంది. ఆ పిల్ల పేరు చిజురు.

ఊపిరి పీల్చుకున్నావా? ఇక తర్వాతది.

బాతు నడక అనీ, పసుపు బూట్లనీ, దాని కన్ను డిసెంబరు మీదుందనీ, అంతా ఆమే గొంతెత్తి చదివింది. ఒక్క ముక్క వదలలేదు, బాతు దగ్గర నవ్వాపుకోలేక రెండుసార్లు ఆగింది. "పసుపు బూట్లు ఆమెకి నప్పుతాయేమో" అన్న మాట మాత్రం నాది కాదు. నాకు చెప్పకుండా ఆమే కలిపింది. నిన్న ఒప్పుకుంది. అలిగిన మడి పేరు అన్నయ్య చెప్పలేదు. నువ్వే చెప్పావు, నీ ఉత్తరంలో.

ఆమె మీ ఊరికి వచ్చింది నీ ఉత్తరాలు విని... కాదు, చదివి. "ఆ మళ్ళు నేను చూడాలండీ" అని ప్రాణం తీసింది. నేనెవరో చెప్పొద్దని ఒట్టు వేయించుకుని పంపాను. నా కళ్ళు వెళ్తున్నాయనుకున్నాను. వచ్చి ఏం చెప్పిందో తెలుసా? "చాలా బాగుందండీ. నీళ్ళు మెరుస్తున్నాయండీ." అంతే! అందుకే నీళ్ళ రంగులూ అవీ అన్నయ్యని అడగమన్నాను. అడిగి వచ్చి చెప్పినా నాకేమీ కనపడలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా కొండ తలకిందులవలేదు, దుప్పటి దులపలేదు.

అమ్మ టోపీ ఒక వారం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఎడమవైపే ఒంగి ఉంది.

నీకెందుకు చెప్పలేదంటావు. చెప్తే నువ్వు జాలి పడతావు. నన్ను చూసి ఏడవడం మానేస్తావు. "పాపం మివా" అని మెత్తగా రాస్తావు. ఆ మెత్తటి ఉత్తరాలు నాకొద్దు అక్కా. ఇన్నాళ్ళూ నువ్వు ఊరంతటి మీదా కుళ్ళుకుంటూ రాసిందే నాకు ఊరు.

అన్నయ్యని ఏమీ అనకు. అతనికీ తెలీదు.

మివాకో

కామిదా
నవంబరు

మివా,

మూడు ఉత్తరాలు రాసి చింపాను. ఒకటి మెత్తగా వచ్చింది. అదే ముందు చింపాను.

రెండేళ్ళు! నేను ఇక్కడ గొళ్ళేలమ్ముకుంటూ కూర్చుంటే, నీ పక్కన కూర్చుని నీ చెయ్యి పట్టుకుని చదివేది అదా? నీకు జ్వరమొస్తే గంజి కాచేది అదా? నా చెల్లెలికి? టోపీ ఇస్తే ఇచ్చాడు పొమ్మన్నాను, ఇది ఎలా పొమ్మనను? జాలి పడతాననుకున్నావా? చచ్చినా పడను. అసూయతో ఒళ్ళు కాలిపోతోంది నాకు.

ఏయ్ చిజురూ. ఇది చదువుతోంది నువ్వే కదా. బాతు నడక అన్న మాట వెనక్కి తీసుకోను, ఎందుకంటే నువ్వు బాతులాగే నడుస్తావు. తలుపు తియ్యకపోవడం మాత్రం తప్పే. ఆ రోజు చేతిలో కొడవలి గాటు పడింది కదా నీకు, దానికి కట్టు కట్టించుకున్నావా? బూట్లు చలికి పగులుతాయి, లోపల కాగితం కుక్కి పెట్టు. ఇక ముందుకి చదువు.

మివా, నీ ఉత్తరం తీసుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. మాట్లాడకుండా ముందర పెట్టాను. కళ్ళద్దాలు లేవంటే నేనే చదివాను. రైలులాగే చదివాను. మధ్యకొచ్చేసరికి రైలు తనంతట తనే నెమ్మదించింది. మొత్తం విని, అన్నయ్య పొయ్యిలో నిప్పు కెలికాడు.

"పాపం" అంటాడేమో, తిడదామని చూస్తున్నాను.

"అయితే నీకు అలవాటైన పనే" అన్నాడు.

"ఏది?"

"చూపులేని వాళ్ళకి వడ్డించడం." లేచి, కుంటుకుంటూ పోయి, మూల నుంచి నాన్న పార తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మడిలో మూడుసార్లు కొట్టి పిలవాలి. వెనక్కి చూస్తూ, రాళ్ళున్నచోట చెప్తూ తీసుకురావాలి. ఆయన స్నానానికి తొట్టిలో నీళ్ళు మరీ కాగనివ్వకు. ముల్లంగి ఉందా?"

"ఉంది" అన్నాను. "ఎంతకి కొంటావు?"

"దొంగముండా" అన్నాడు. అలా మాటలు కలిశాయి.

సదాయో

కామిదా
డిసెంబరు, మొదటి మంచు

మివా,

అయింది. చెప్తా, నెమ్మదిగా. చిజురూ, గబగబా చదివెయ్యకు.

నాన్న నల్ల కోటు వేసుకున్నాను, చేతులు మడిచి కుట్టుకుని. అలిగిన మడి దగ్గరికే వెళ్ళాను. అన్నయ్య ఎప్పుడూ పై మడికి వెళ్ళేవాడు, కానీ నా దేవుడు ఆఖర్న నిండేదాంట్లోనే ఉంటాడనిపించింది. పారతో మూడు దెబ్బలు కొట్టాను. మంచు కింద మట్టి డబ్ డబ్ మంది. "రండి, ఏడాదంతా కష్టపడ్డారు, ఇంటికి వెళ్దాం" అన్నాను. ఆయనా, ఆయన భార్యా, ఇద్దరూ వచ్చారనుకో. దారిలో "ఇక్కడ మెట్టు విరిగింది, ఎడమకి రండి" అంటూనే తెచ్చాను. చూసేవాళ్ళు నవ్వలేదు.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను. నీళ్ళు కాచాను, మోచెయ్యి ముంచి చూసి, మన అమ్మ నీకు పోసేదే ఆ వేడి. ఆయన స్నానం చేసినంతసేపూ తలుపు బయట నిలబడి "ఒళ్ళు తోమనా?" అని కూడా అడిగాను. అడగాలి, అది పద్ధతి.

తర్వాత భోజనం. రెండు పళ్ళేలు. అన్నయ్య, ఇరుగుపొరుగు, ఊరి పెద్దవాళ్ళు అందరూ వరసగా కూర్చున్నారు. మొదలుపెట్టాను. "ఇది ఎర్ర గింజల అన్నం అండీ, మీకు కుడిపక్కన, ఆవిరి ఇంకా వస్తోంది. ఇది చేప అండీ, కళ్ళు పెద్దవి, మీ వైపే చూస్తోంది. ఇది తీపి గంజి." అంతా చూస్తున్నారు, చక్కగా పోతోంది, నాకే నమ్మకం కుదరలేదు. ముల్లంగి దగ్గరికొచ్చాను. రెండు కాళ్ళూ చాపుకుని పళ్ళెంలో దర్జాగా పడుకుని ఉంది. అప్పుడు నా నోటివెంట వచ్చేసింది:

"ఒసే మివా, ముల్లంగి నీ ఎడమచేతి పక్కనే ఉంది, ఈసారి కాళ్ళు భలే కుదిరాయే!"

దేవుణ్ణి పట్టుకుని ఒసే అన్నాను! వంటింట్లో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన ఒకాయన దగ్గాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. అన్నయ్య వైపు చూశాను, పార లాగేసుకుంటాడేమోనని.

తల వంచుకుని ఉన్నాడు. "ఆపకు" అన్నాడు. "తింటున్నారు."

ఆపలేదు. మిగతాదంతా నీకే వడ్డించాను. ఆ రెండో పళ్ళెం నీది.

ఇప్పుడు దేవుడు బస్తాల మీద హాయిగా ఉన్నాడు. ఫిబ్రవరిలో మళ్ళీ పొలానికి సాగనంపాలి. అదీ నాదే.

సదాయో

కనజావా
డిసెంబరు చివర

అక్కా,

మూడుసార్లు చదివించుకున్నాను. నాలుగోసారికి నాకు కోపమొచ్చింది.

నన్ను పేరు పెట్టి పిలిచి, నాకు పెట్టాల్సిన అన్నం ఆయనకి పెట్టావు. నాకు కాచాల్సిన నీళ్ళలో ఆయన్ని ముంచావు. అమ్మ నాకు పోసే వేడి అట! ఒళ్ళు తోమనా అని కూడా అడిగావట! నీకు దేవుడైతే కావచ్చు. నాకు మాత్రం నా అక్కని సగం పట్టుకుపోయిన మనిషి.

సాగనంపే రోజుకి నేనొస్తున్నాను. చిజురు పట్టుకొచ్చి దింపుతుంది, ఆ బూట్లతోనే. కొట్లో నా కోసం చోటు చెయ్యి, బెంచీ మీద కాదు, లోపల, నీ పక్కన. విరిగిన మెట్టు నాకూ చెప్పాలి. ముల్లంగి ఇంకొకటి మట్టిలో దాచి ఉంచు.

నీళ్ళు కాచు. ఆయనకి ఎంత వేడి పెట్టావో నాకూ అంతే. పిసరు తక్కువైనా ఆ మడిలో కూర్చుని లేవను.

మివాకో